ఎఱ్ఱబడిన వేన్నీళ్లు – గీజరను నానార్థపదము

భోగినాటి తెల్లవారుజామున మా యింట తలంట్లు మొదలైనవి. పండుగకు పుట్టినింటికి వచ్చిన మా యాడుబిడ్డ తన యాఱునెలల పసిదానికి నలుగుపెట్టి, స్నానపుగదిలో కుళాయి త్రిప్పి తొట్టిలోనికి వేన్నీళ్లు పట్టినది. కొంతసేపటికి "వదినా! ఈ నీళ్లలో పసుపేమైనా కలిపావా?" అని కేకవేసినది. మేము పోయి చూచితిమి. తొట్టినిండ పలుచని తేనీటి రంగు. అడుగున ఎఱ్ఱమన్ను వంటి నలుసులు. బిడ్డను తుడుచుటకై ప్రక్క నుంచిన తెల్లని మల్లుగుడ్డను అందులో ముంచి పిండగా, గుడ్డ యంతయు గోధుమవన్నెకు తిరిగినది.

మా అత్తగారు వచ్చి తొట్టిలోనికి తొంగిచూచి, "పండగపూట ఆ తుప్పునీళ్లు బిడ్డ నెత్తిన పోయకండి. అటకమీద నా రాగికాగు దింపండి" అనిరి. కాగు దింపి, చింతపండుతో తోమి, పెరటిలో మూడురాళ్లపొయ్యి వెలిగించి, అందఱి తలంట్లు ముగియునప్పటికి మధ్యాహ్నమైనది. పొగకు మా కన్నులును ఎఱ్ఱబడినవి.

సోదరీమణులారా! ఆ యెఱ్ఱనీటి వెనుక మేము పడిన చిక్కులును, ఆ చలికాలముననే మా నోటిమాటవలన ఒక చిన్నయిల్లాలి ప్రాణముమీదికి వచ్చిన సంగతియు మీతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము. రెంటికిని మూలము ఒక్కటియే. మన యిండ్లలో నీరు కాచు యంత్రములు పెక్కు వచ్చినవి గాని వాని పేళ్లు మనకు కుదురుపడలేదు.

పండుగ మఱునాడు మరమ్మతు చేయువానిని ఫోనులో పిలిచితిమి. "మా బాయిలరులో నీళ్లు ఎఱ్ఱగా వస్తున్నాయి" అంటిమి. "బొగ్గుల బాయిలరా అమ్మగారూ? అవి మేము చెయ్యము" అన్నాడు. అది కాదు, కరెంటుతో నడచు హీటరంటిమి. సాయంకాలమునకు వచ్చుచు బకెట్టులో వ్రేలాడదీయు కడ్డీ నొకదానిని చంకబెట్టుకొని వచ్చినాడు. గోడనున్న యంత్రమును చూచి, "ఇది గీజరమ్మా! ముందే గీజరని చెప్పవద్దా?" అని మమ్ములనే మందలించినాడు.

తరువాత చన్నీళ్ల కుళాయి త్రిప్పినాడు. నీరు తేటగా నున్నది. వేన్నీళ్ల కుళాయి త్రిప్పినాడు, ఎఱ్ఱగా నున్నది. "చూశారా? చన్నీళ్లు బాగానే ఉన్నాయి. లోపల టాంకు తుప్పుపట్టిపోయింది. కొత్తది పెట్టించుకోవలసిందే" అన్నాడు. యంత్రమున్నచోట రంగున్నది, యంత్రము లేనిచోట రంగులేదు. తర్కశాస్త్రములో చెప్పు అన్వయవ్యతిరేకములు రెండును సరిపోయినవి. మావారు బడిపంతులు, ఆయనకును ఈ వాదము నచ్చినది. ఆ నెల జీతములో నుండి 15 లీటర్ల క్రొత్తయంత్రము వచ్చి గోడ కెక్కినది.

పదిదినములు గడచినవి. పదునొకండవ దినమున మరల అదే తేనీటి రంగు!

అప్పుడు మావారితో కూడ పనిచేయు రసాయనశాస్త్రపు పంతులుగారు ఒక చిన్న పరీక్ష చెప్పి పంపిరి. తెల్లని గాజుసీసాలో చన్నీళ్లే పట్టి, మూతపెట్టక, కిటికీగట్టుపై ఒక రాత్రి కదలకుండ నుంచవలయును. అట్లే యుంచితిమి. రాత్రి స్ఫటికమువలె నున్న నీరు తెల్లవారుసరికి పచ్చబారి, సీసాయడుగున తుప్పురంగు పొర యొకటి దిగియుండెను. కాచకుండగనే, యంత్రము పొంతకు పోకుండగనే నీరు తన గుట్టు తానే బయటపెట్టినది.

దాని కారణ మిది. భూగర్భములో గాలి సోకనిచోట ఇనుము నీటిలో కరగి రంగులేకుండ నుండును. అట్టి నీటిని బోరుతో పైకి తోడినప్పుడు చూచుటకు తేటగానే యుండును. గాలి తగిలినకొలది అందలి యినుము ప్రాణవాయువుతో కూడి, కరగని తుప్పుగా మారి, రంగు చూపును. కాచినచో ఈ మార్పు మిక్కిలి త్వరితముగా జరుగును. కనుకనే అదే నీరు చన్నీళ్ల కుళాయిలో తెల్లగాను, వేన్నీళ్ల కుళాయిలో ఎఱ్ఱగాను కనబడినది. లీటరు నీటిలో ఇనుము 0.3 మిల్లీగ్రాములకు మించినచో బట్టలకును తొట్లకును మరక పట్టునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. చిటికెడు ఉప్పుతో పోల్చినను అది యెంత స్వల్పమో చూడుడు. కార్తికమునుండి మా పురపాలకపు కుళాయినీరు చాలక, ఇంటియజమాని బోరునీటిని మిద్దెమీది టాంకులోనికి ఎక్కించుచున్నాడు. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. నీటిరంగుతో దానిని ముడిపెట్టి చూడలేదు, అంతే. పాతయంత్రము నిరపరాధి. దానిని పాతసామానులవాడు తూకము వేసి పట్టుకొనిపోయి అప్పటికి పదిదినములైనది.

అయితే తుప్పంతయు నీటిదే యనుకొనుటయు పొరపాటు. మా వీథిచివర నున్న మామిగారి యింట ఇట్లే ఎఱ్ఱనీరు వచ్చుచుండగా మేము మా క్రొత్తవిద్య ప్రయోగించితిమి. సీసాలోని చన్నీళ్లు రెండుదినము లుంచినను మాఱలేదు. వేన్నీళ్లు మాత్రము ఉదయము మొదటి రెండుచెంబులు ఎఱ్ఱగా వచ్చి తరువాత తేఱుకొనుచున్నవి. రాత్రియంతయు లోపల నిలిచిన నీరే చెడుచున్నదన్నమాట. ఇచ్చట దోషము యంత్రముదే. ఇనుపటాంకుకు లోపల గాజువంటి పూత పూయుదురు. ఆ పూతలో సన్ననిబీటలు పడినచోట ఇనుము తినబడకుండుటకై మెగ్నీషియపు కడ్డీ నొకదానిని లోపల అమర్చుదురు. నీటి తుప్పుగుణము ముందుగా ఆ కడ్డీని తినును. అది యున్నంతకాలము టాంకు క్షేమము. యజమానికై తాను కరగిపోవు ఈ సేవకురాలిని ఏడాదికో రెండేండ్లకో ఒకసారి తీసి చూడవలయును. ఉప్పునీళ్లున్న యూళ్లలో ఇంకను ముందుగానే చూడవలయును. మామిగారి యంత్రములో ఏడేండ్లుగా ఎవరును చూడలేదు. కడ్డీ పోయి దాని లోపలి సన్ననితీగ మాత్రము మిగిలియున్నది.

ఇచ్చటను పేరే అడ్డుపడినది. మామిగారు మరమ్మతువానితో "రాడ్డు మార్చు నాయనా" అనిరి. అతడు నీరు కాచు కడ్డీని, అనగా ఎలిమెంటును, మార్చి డబ్బు పుచ్చుకొని పోయినాడు. అతనిని అనుటకు వీలులేదు. బకెట్టులో ముంచునదియు రాడ్డే. టాంకులో కాగునదియు రాడ్డే. తుప్పుకు బలియగునదియు రాడ్డే. ఈ మూడవదానిని "ఆనోడు రాడ్డు" అని పూర్తిపేరుతో అడిగినప్పుడే వారి కర్థమగును. రెండవసారి అట్లే అడిగి మార్పించిరి. రంగు కొంత తగ్గినది గాని, అప్పటికే టాంకు కొంత తినబడియుండుటచే పూర్తిగా పోలేదు.

తక్కిన రంగులను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. నీరు పాలవలె తెల్లగా వచ్చినచో ఒక గ్లాసులో పట్టి చూడుడు. అడుగునుండి పైకి తేటపడుచు వచ్చినచో అది గాలిబుడగలే, భయములేదు. తెల్లనిపొడి అడుగునకు దిగినచో అది కఠినజలములోని సున్నము. కాగుల లోపల గారగట్టునదియు అదియే. నల్లనినలుసులు మాంగనీసువలన రావచ్చును, నీటిగొట్టములలోని రబ్బరు చివికినందున రావచ్చును. తొట్టికి నీలాకుపచ్చని మరక పట్టినచో రాగి కరగుచున్నది. మన పూర్వులు చిలుమనునది యదియే. క్రుళ్లినగ్రుడ్డు వాసన కొట్టినచో టాంకులో సూక్ష్మజీవులు చేరియుండును. నీటిని 60 డిగ్రీలకు మించి కొంతసేపు కాచి, ఆ నీరంతయు వదలివేసిన మేలు.

ఎఱ్ఱనీటితో తడిసిన తెల్లబట్టలను బ్లీచింగుపొడిలో వేయకుడు. అది మరకను ఇంకను గట్టిపఱచును. నిమ్మరసము, ఉప్పు రాచి ఎండలో ఆరవేసినచో మరక వదలును. మల్లుగుడ్డమీద మేము చేసి చూచితిమి. ఇక నీటిలోని యినుముకు మా అత్తగారు ఇందుపగింజ అరగదీసి కలుపుమనిరి. కతకబీజమని శాస్త్రములలో చెప్పబడిన ఆ గింజ బురదనీటిని తేర్చునుగాని, కరగియున్న యినుమును పట్టలేదు. ముందు నీటిని గాలిలో ధారగా పడనిచ్చి, ఒకరాత్రి నిలువయుంచి, ఇనుము తుప్పుగా మాఱినతరువాత ఇసుకలో వడియగట్టవలయును.

ఇప్పుడు పేళ్ల సంగతి. చిన్ననాడు మా తండ్రిగారు మాచేత అమరము వల్లెవేయించునప్పుడు, నీటికి ఇన్ని పేళ్లేలయని విసుగుకొనెడివారము. జలము, వారి, సలిలము, తోయము, ఉదకము అని వరుసగా చెప్పుచు పోయినను వస్తువు ఒక్కటే. ఏ పేరున పిలిచినను ఆ చెంబే తెత్తురు. చిక్కంతయు నానార్థవర్గములో నున్నది. అచ్చట పేరు ఒకటి, వస్తువులు పెక్కు. సందర్భము తెలియనివానికి ఆ పదము చెప్పుట చెప్పకుండుటతో సమానము. ఈనాడు మన యిండ్లలో గీజరనునది అట్టి నానార్థపదమైనది.

ఆ పేరు ఐస్లాండు ద్వీపములో నేలనుండి చిమ్ముచుండెడి ఒక వేడినీటి బుగ్గది. 1868లో లండను నగరమున బెంజమిన్ వాడీ మాన్ అను ఆయన స్నానమునకు నీరుకాచు యంత్రమును చేసి, దానికి ఆ బుగ్గపేరు పెట్టినాడు. అది గ్యాసుమంటతో కాగునట్టిది. కావున గీజరను పేరునకు మొదటి హక్కుదారు గ్యాసుయంత్రమే. మనదేశములో కరెంటుతో కాగునవి వచ్చి అదే పేరు పెట్టుకొన్నవి. భారతీయ ప్రమాణసంస్థవారు మాత్రము దేనికది వేఱుచేసిరి: నీటిని నిలువచేసి కాచు విద్యుద్యంత్రమునకు ఐ.ఎస్. 2082, పాఱుచుండగా కాచుదానికి 8978, నీట ముంచు కడ్డీకి 368. అంగడిలో ఈ సంఖ్యలతో ఎవరు మాటలాడుదురు? అచ్చట అన్నియు గీజర్లే, కాకున్న హీటర్లే.

మన పాతపేళ్లును తక్కువ తికమకవి కావు. కోస్తాలో బాయిలరన్నచో నడుమ నిప్పులగొట్టమున్న రాగిపాత్ర. హైదరాబాదు పాతయిండ్లలో అటువంటిదే హమాము. ఇంగ్లండులో కాపురమున్న మా అక్కయ్య కూతురు "మా బాయిలరు చెడిపోయింది పిన్నీ, ఇల్లంతా చలి" అని ఫోనులో అన్నప్పుడు, నీళ్లపొయ్యి చెడినచో ఇంటికి చలియేలయని నవ్వితిమి. ఆ దేశమున స్నానపు నీటిని, గదులను వెచ్చచేయు నీటిని కూడ తఱచుగా ఒకే బాయిలరు కాచునట. గదులలోని యినుపపలకలనుండి నల్లనినీరు కాఱుచున్నదని ఆమె భయపడగా, అది ఆ పలకలలోనే తిరుగు వేఱునీరనియు, స్నానపు కుళాయికి రాదనియు పనివాడు చెప్పినాడట. అమెరికాలో నున్న మనవారికి ఇల్లు వెచ్చచేయునది చాలచోట్ల ఫర్నేసు, నీళ్లు కాచునది వాటర్ హీటరు. వారు "హీటరు పనిచేయుటలేదు" అన్నచో ఏదియని అడిగి తెలిసికొనవలసినదే.

ఈ తికమక నవ్వులతో పోయినచో మేమీ వ్యాసము వ్రాసియుండము.

మా పైవాటాలో శ్రావణమాసమున క్రొత్తకాపురము పెట్టిన దంపతులున్నారు. ఆ యమ్మాయి పల్లెటూరిది. పుట్టినింట కట్టెలపొయ్యిమీద కాగుతప్ప ఎఱుగదు. మాఘమాసపు చలిలో ఒకనాడు దిగివచ్చి, "పిన్నిగారూ, గీజరు వేసుకొని స్నానం చెయ్యాలంటే భయంగా ఉంది. ఏమీ కాదు కదండీ?" అని యడిగినది. ఎఱ్ఱనీటి వ్యవహారముతో గీజరును గూర్చి మాకు తెలియనిది లేదను గర్వము మాకప్పుడు కొంత యుండెను. "భయమెందుకమ్మా? నీళ్లు కాగాక స్విచ్చి తీసెయ్యి. కిటికీ తలుపు వేసుకో, చలిగాలి రాదు. ఆవిరికి గది వెచ్చబడుతుంది, హాయిగా పోసుకో" అంటిమి. "మాదానికి స్విచ్చి లేదండీ. కుళాయి తిప్పితే చాలు, వేన్నీళ్లు వచ్చేస్తాయి" అన్నది. "ఇంకా మంచిది" అంటిమి.

ఆ మాట యిప్పటికిని మా చెవులలో నున్నది. స్విచ్చి లేని యంత్రము దేనితో కాగుచున్నదని అడుగవలెనని మాకు తోచలేదు.

మూడవనాటి యుదయమున పైనుండి నీళ్లు పడుచున్న చప్పుడు ఎంతకును ఆగలేదు. ఆమె భర్త తలుపు తట్టుచు పిలుచుచున్నాడు. మేము పైకి పోవునప్పటికి అతడు తలుపు గడియ విఱుగదన్నుచున్నాడు. లోపల ఆ పిల్ల గోడకు చేరగిలి స్పృహలేక పడియున్నది. కుళాయినుండి వేన్నీళ్లు తేటగా, రంగు వాసన లేక పడుచునే యున్నవి. గోడమీద ఎఱ్ఱసిలిండరునకు గొట్టముతో తగిలించిన యంత్రము, అందులో నీలపుమంట.

కుళాయి కట్టి, ఆమెను దుప్పటిలో చుట్టి వరండాలోనికి మోసికొనివచ్చితిమి. అక్కడినుండి ఆసుపత్రికి. వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న: "స్నానాలగదిలో గ్యాసు గీజరుందా?" అతనికి పేరులోని మొదటి ముక్క తెలిసియున్నది, మేము దానిని విడిచితిమి. ప్రాణవాయువు పట్టిరి. మధ్యాహ్నమునకు కనులు తెఱచినది, మఱునాటి సాయంకాలమునకు ఇల్లు చేరినది. ఆలస్యమైనచో ఏమగునో వైద్యుడు చెప్పలేదు, మేము అడుగలేదు.

మూసినగదిలో గ్యాసు మండునప్పుడు ప్రాణవాయువు తఱిగిపోవును. మంటకు గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. మన నెత్తురులోని ఎఱ్ఱపదార్థము ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన ప్రీతితో దానిని పట్టుకొని విడువదు. తలనొప్పి, కన్నులు తిరుగుట, వమనము వచ్చునట్లుండుట దాని తొలిచిహ్నములు. స్నానము చేయునామె అలసట యనుకొని కూర్చుండును, కూర్చున్నది లేవలేదు. అట్టి యంత్రము స్నానపుగది వెలుపల, గాలియాడు చోట నుండవలయును. దాని పొగ గొట్టముద్వారా ఆరుబయటికి పోవలయును. లోపల బిగించి కిటికీ తెఱచుకొందుమనుట చాలదు. చలికాలమున కిటికీ యెవరు తెఱతురు? ఎఱ్ఱనీటిని చూచి మేమింత హడావిడి చేసితిమి. అది చెఱచినది ఒక మల్లుగుడ్డను. తేటనీటి ప్రక్కనున్నదానిని చూడనేలేదు.

అటుపిమ్మట మేము యంత్రము పేరడుగుట మానివేసితిమి. ఎవరైన వచ్చి తమ గీజరు సంగతి చెప్పినప్పుడు, అది దేనితో కాగును, నీటిని తనలో నిలుపునా, పాఱుచుండగా కాచునా, ఎచ్చట బిగించిరి అని యడిగెదము. నిలువయంత్రమైనచో 15 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచుటకు 2000 వాట్లతో ఇంచుమించు ఇరువది నిముషములు, ముప్పాతిక యూనిటుకు లోపుగనే ఖర్చు. కాగినపిమ్మట స్విచ్చి తీసి స్నానము చేయుట మంచిది. పాఱుచుండగా కాచునది తఱచుగా 3000 వాట్లది. పెద్దప్లగ్గు లేనిదే తగిలింపరాదు. బకెట్టుకడ్డీ యైనచో ప్లగ్గు ఊడదీయకముందు నీటిలో వ్రేలు ముంచి వేడి చూడరాదు. ఈ యలవాటువలన ఎంతమంది తల్లులు కరెంటుదెబ్బ తినిరో మీకే తెలియును. గ్యాసుదైనచో తక్కిన సలహాలన్నియు కట్టిపెట్టి, ముందు దానిని గది వెలుపలికి మార్పించుమని చెప్పెదము.

పైవాటా యంత్రమును యజమాని బాల్కనీగోడకు మార్పించి, పొగగొట్టము పెట్టించినాడు. ఆ యమ్మాయి మాత్రము చాలదినములు మా కాగునీళ్లే పట్టుకొనిపోయి స్నానము చేసినది. మా అత్తగారు పొయ్యి రాజేయుచు, "దానికి ఇంగ్లీషుపేరు పెట్టుకుని మీరు మోసపోయారు. నీళ్లపొయ్యి అనుకుంటే, పొయ్యి ఉన్న గదిలో కిటికీ మూసుకోమని చెప్పేదానివా?" అని మమ్ములను దెప్పిరి. మేమేమియు అనలేదు. ఇప్పుడు ఆ పిల్ల దానిని నీళ్లపొయ్యియనియే పిలుచుచున్నది. దానిపై తెల్లకాగితమంటించి ఆ పేరే వ్రాసినది.

మా కిటికీగట్టుమీద గాజుసీసా ఇంకను ఉన్నది. వారమున కొకసారి చన్నీళ్లు పట్టి పెట్టుచున్నాము. పురపాలకపునీరు మరల వచ్చుచున్నది గనుక ఈ వారము అడుగున పొర కంటికి కనబడునంత లేదు. ఎండలు ముదిరి బోరు వేసిననాడు అది మరల చిక్కబడును.